ఇంకొక్క చెంచా

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మందుల షాపు పైన, రెండో అంతస్తులో నేను పాఠాలు చెప్తాను. జపాన్‌లో ముసలివాళ్ళని చూసుకునే ఆశ్రమాల్లో పనికి వెళ్ళాలనుకునే నర్సింగ్ పిల్లలు నా విద్యార్థులు. పామర్రు నుంచీ మైలవరం నుంచీ పొద్దున్నే బస్సెక్కి వస్తారు. భాష నేర్చుకుంటారు, నడుం వంచి నమస్కరించడం నేర్చుకుంటారు, మంచం మీద దుప్పటి ముడత పడకుండా పరచడం నేర్చుకుంటారు. ఒక్కటి మాత్రం ఎంత మొత్తుకున్నా వాళ్ళకి ఎక్కదు. పెట్టే చెయ్యి ఆపడం.

ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒక పెరుగు కప్పు, ఒక చెంచా ఇస్తాను. ఒకరు ముసలావిడ, ఇంకొకరు తినిపించే మనిషి. ముసలావిడ రెండు చేతులూ జోడిస్తే భోజనం అయిపోయిందని అర్థం, చెంచా కింద పెట్టెయ్యాలి. పాఠమంతా అంతే. మొన్న ఒకమ్మాయి, ఎదుటి పిల్ల చేతులు జోడించినా వినకుండా, "అయిపోయిందండీ, ఈ కాస్తే ఉంది" అని బతిమాలి బతిమాలి కప్పు ఖాళీ చేయించి, మెచ్చుకుంటానేమోనని నా వంక చూసింది. నేను గట్టిగా అరిచాను. క్లాసంతా బిక్కచచ్చిపోయింది. "పెరుగే కదండీ మేడమ్" అంది ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని. చెప్పడం మొదలుపెడితే వాళ్ళ ముందు ఏడుస్తానని అటెండెన్స్ పుస్తకం తీసుకుని బయటికి వచ్చేశాను.

జపాన్‌లో నేను మూడేళ్ళున్నాను. వెళ్ళేముందు అందరూ భూకంపాల గురించి భయపెట్టారు. భూకంపం నన్నేమీ చెయ్యలేదు. చెత్త చేసింది. చెత్తని రకరకాలుగా విడదీసి ఒక్కో రకం ఒక్కో రోజు బయట పెట్టాలి. తప్పు రోజున పెడితే సంచి మీద చీటీ అంటించి అక్కడే వదిలేస్తారు. నా సంచి రెండుసార్లు ఆ చీటీతో వీధిలో నా పరువు తీసింది. రైల్లో ఫోన్ మాట్లాడకూడదు. గుమ్మంలో విప్పిన చెప్పులు ముందువైపు బయటికి ఉండేలా తిప్పి పెట్టాలి. బాత్రూముకి వేరే చెప్పులుంటాయి. వాటితోనే హాల్లోకి నడిచొచ్చి నాలిక్కరుచుకున్న రోజులున్నాయి. ఎవరూ ఒక్క మాట అనరు, అదే నాకు ప్రాణాంతకంగా ఉండేది. మన విజయవాడలో తప్పు చేస్తే పక్కింటావిడ చెప్తుంది, ఆవిడ ఇంట్లో లేకపోతే దారిన పోయే ఆటో అతనైనా చెప్తాడు. అక్కడ మన తప్పు మనమే కనిపెట్టుకోవాలి. అయినా కొన్ని నెలల్లో అన్నీ ఒంటబట్టాయి. ఇక నాకు రానిది లేదనుకున్నాను.

నేను పనిచేసిన ఆశ్రమంలో కిటికీ పక్క గదిలో తొంభై దాటిన ఒక ముసలావిడ ఉండేది. ఒకప్పుడు బడిలో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పేదట. నేను మనసులో ఆవిణ్ణి మామ్మగారు అనుకునేదాన్ని. ఒకసారి పైకే అనేసి, దాని అర్థం కూడా చెప్పాను. మా బృందానికి పెద్దగా ఉండే నలభై ఏళ్ళావిడ నన్ను పక్కకి పిలిచి, "ఆవిడ మీ మామ్మగారు కాదు, పేరుతో గౌరవంగా పిలవండి" అని మెల్లగా చెప్పింది. నేను సరేనన్నాను. మనసులో మాత్రం మామ్మగారే.

మామ్మగారికి ముద్ద సరిగ్గా గొంతు దిగదు. అన్నం మెత్తటి జావలా, చేప గుజ్జులా చేసి పెట్టాలి. టీలో కూడా పొడి కలిపి చిక్కబరచాలి. ఆవిడ ఎదురుగా, అదే ఎత్తులో కూర్చుని, చెంచా కింద నుంచి నోటి దగ్గరికి తేవాలి. గొంతు కదిలిందా లేదా చూసి, మింగిందని నమ్మకం కుదిరాకే రెండో చెంచా. నేను చేరిన వారమే డాక్టరుగారు మా అందరికీ చెప్పారు. ముద్ద ఒక్కసారి ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది, ఆ తరవాత ఆవిడ ఇంక ఎప్పటికీ నోటితో తినలేకపోవచ్చు అని. ఆవిడకి మిగిలిన సుఖం ఆ మూడు పూటల తిండే. జావ మధ్యలో ఉప్పులో ఊరిన ఎర్రటి పుల్లటి పండు గుజ్జు కొంచెం వేస్తారు, మన ఉసిరికాయ పచ్చడికి దూరపు చుట్టంలా ఉంటుంది. అది నాలిక్కి తగలగానే ఆవిడ కళ్ళు మూసుకునేది. ఆ కాసేపు నాకూ ప్రాణం హాయిగా ఉండేది.

ప్రతి పూటా ఎంత తిన్నారో పదికి ఇంత అని రాయాలి. మామ్మగారిది ఎప్పుడూ నాలుగు, మహా అయితే అయిదు. అందరూ చల్లగా రాసేసి గిన్నెలు తీసేసేవాళ్ళు. నాకు మాత్రం ఆ అంకె ముల్లులా గుచ్చుకునేది. నేను పామర్రు పక్కన రైతు ఇంట్లో పుట్టినదాన్ని. సగం కంచం వదిలేసిన మనిషిని చూసి ఊరుకోవడం మా ఇంటావంటా లేదు. మా ఇంట్లో శుభకార్యం అయితే మా నాన్న నేతి గిన్నెతో వరసలో తిరిగేవాడు. తినేవాళ్ళు చాలు చాలని విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే, వేళ్ళ సందుల్లోంచి పోసేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు, ఆయనా నవ్వేవాడు. చెయ్యి అడ్డం పెట్టడం మొహమాటం, పొయ్యడం మర్యాద. పొయ్యకుండా ముందుకి వెళ్ళిపోతే ఆ చుట్టం పదేళ్ళు గుర్తుపెట్టుకుని దెప్పుతాడు.

మామ్మగారు సగం గిన్నె దగ్గర చేతులు జోడించేది. భోజనానికి ముందూ వెనకా చేతులు జోడించడం అక్కడి పద్ధతి అని నాకు తెలుసు. క్లాసులో నేర్చుకున్నాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. కానీ ఆ వణికే చేతులు చూస్తే నాకు విస్తరి మీద అడ్డం పెట్టిన చెయ్యే కనపడేది. ముసలావిడ, పరాయి మనిషి చేత తినిపించుకుంటోంది, మొహమాటపడుతోంది అనుకున్నాను. జపాన్ భాషలో బతిమాలడం నాకు రాదు. తెలుగులోనే, "ఇంకొక్క చెంచా, నా తల్లి కదూ" అనేదాన్ని. ఆవిడ నా మొహంలోకి చూసేది, నవ్వేది, తినేది. అలా ఒక నెలంతా నా పూట వచ్చినప్పుడల్లా ఆరు, ఏడు, ఒకరోజు ఎనిమిది. ఆ ఎనిమిది రాసిన రోజు నేను సైకిల్ మీద ఇంటికి పాటలు పాడుకుంటూ వెళ్ళాను. వీళ్ళకి పని వచ్చుగానీ ప్రేమ రాదని కూడా అనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో ప్రాణం చచ్చిపోతుంది.

అది జరిగింది ఒక మధ్యాహ్నం. చేతులు జోడించాక మూడో చెంచాకి మామ్మగారు దగ్గింది. చిన్న దగ్గే. ఆగి, వీపు నిమిరాను. ఆవిడ ఏదో అనబోయింది, గొంతులో నీళ్ళున్నట్టు గరగరమంది. పెదవులు రంగు మారాయి. నేను అరిచాను, నర్సు పరుగెత్తుకొచ్చి గొట్టంతో గొంతులోది లాగింది. సాయంత్రానికి జ్వరం. పడుకోబెట్టి వ్యానులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేను కడగని ఆ మధ్యాహ్నపు గిన్నె పట్టుకుని వరండాలో నిలబడిపోయాను. అందులో ఇంకా మూడు చెంచాల జావ ఉంది.

మర్నాడు పొద్దున నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం చెయ్యాలి అని మూడు గళ్ళు. ఎవరి తప్పు అనే గడి లేదు. ఎందుకు అన్నచోట 'నా తప్పు' అని రాశాను. మా పెద్దావిడ నా పక్కన కూర్చుని, రబ్బరుతో దాన్ని నెమ్మదిగా చెరిపేసింది.

"ఇది కారణం కాదు. ఆవిడ చేతులు జోడించడం మీరు చూశారు కదా. చూసి ఏమనుకున్నారు?"

"మొహమాటపడుతున్నారనుకున్నాను. మా ఊళ్ళో చాలు అన్న వాళ్ళకి ఇంకొంచెం పెడతాం."

ఆవిడ కాగితం మీది రబ్బరు పొట్టు చేత్తో తుడిచింది. "మొహమాటం మాలోనూ ఉంది. ఎదుటివాళ్ళు కాదనలేరని తెలుసు కాబట్టే ఇక్కడ మేం రెండోసారి అడగం. అది మీకు నేను చెప్పి ఉండాల్సింది" అంది. ఆ ఉదయం సమావేశంలో అందరి ముందూ వంగి, నాకు సరిగ్గా నేర్పలేదని తను క్షమాపణ అడిగింది. తక్కినవాళ్ళూ వంగారు. నా తప్పుని తలా కాస్త పంచుకుని తీసుకెళ్ళిపోయారు, నాకేమీ మిగల్చలేదు. నేను విజయవాడలో ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసిన రోజుల్లో పేషెంట్ల తాలూకు వాళ్ళ చేత కావలసినన్ని తిట్లు తిన్నాను. తిట్టు తింటే ఏడ్చి, మొహం కడుక్కుని, టీ తాగి మళ్ళీ పనిలో పడొచ్చు. ఇక్కడ నన్ను తిట్టే నాథుడు లేడు. ఒక్కళ్ళైనా కళ్ళెర్రజేస్తే బావుండునని ఆ రోజంతా అందరి మొహాలూ వెతుక్కున్నాను.

మధ్యాహ్నం పామర్రుకి వీడియో కాల్ చేసి మా అమ్మకి అంతా చెప్పాను.

"ముసల్దానికి నాలుగు మెతుకులు ఎక్కువ పెట్టావు, విషం పెట్టలేదుగా. నువ్వేం చేస్తావే దానికి? ఊరుకో," అంది. "ముందు నువ్వు తిన్నావా?"

"తిన్నానమ్మా."

"ఏం తిన్నావు? మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. తినలేదు నువ్వు. ఉన్నదేదో రెండు ముద్దలు పెట్టుకుని నా కళ్ళముందు తిను, చూస్తాను."

ఫోన్ పెట్టేశాను. అమ్మ మీద కోపం వచ్చింది, మా నాన్న మీద వచ్చింది, ఆ నేతి గిన్నె మీద కూడా వచ్చింది. వాళ్ళెవరూ నన్ను జపాన్ వెళ్ళి ఒక ముసలావిడ గొంతులో జావ కుక్కమని చెప్పలేదు. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మళ్ళీ పనిలోకి వెళ్ళాను.

నాలుగో రోజు మా పెద్దావిడ నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది, కుటుంబానికి క్షమాపణ చెప్పడానికి. దారిలో ఎంతవరకు వంగాలో, ఎంతసేపు వంగి ఉండాలో చెప్పింది. జ్వరం తగ్గింది కానీ ఇక నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని ఆ పొద్దునే డాక్టర్లు తేల్చేశారు. నీళ్ళు కూడా. దూదితో పెదవులు తడపడం ఒక్కటే. మామ్మగారు ఆ తరవాత అయిదు వారాలు బతికింది. ఆ అయిదు వారాల్లో నాలిక్కి ఒక్క రుచి తగల్లేదు.

వరండాలో బెంచీ మీద వాళ్ళమ్మాయి కూర్చుని ఉంది. అమ్మాయంటే అరవై దాటిన మనిషి. ప్రతి ఆదివారం తల్లి దగ్గరికి వచ్చేది కనక నన్ను ఎరుగును. మా పెద్దావిడ చెప్పినట్టే వంగాను. నేర్చుకున్న వాక్యం సగంలో ఆగిపోయింది. తలెత్తి చూస్తే ఆవిడ నాకంటే కిందికి వంగి ఉంది.

"మా అమ్మ మీ గురించి చెప్తూ ఉండేది," అంది. "పాపం అంత దూరం నుంచి వచ్చిన పిల్ల, నేను వదిలేస్తే మొహం చిన్నబుచ్చుకుంటుంది, అందుకే కష్టంగా ఉన్నా ఇంకొంచెం తింటున్నాను అనేది. వద్దని చెప్పమ్మా అన్నాను. ఆ పిల్ల అంత సంతోషపడుతుంటే ఎలా చెప్పను అంది."

ఆవిడ గొంతులో నిష్ఠూరం ఏమైనా ఉందేమోనని విన్నాను. లేదు. తల్లి మంచితనం గురించి ఒక మంచి మాట నాకు చెప్తోంది, నేను సంతోషిస్తానని. నన్ను పరామర్శిస్తోంది. నేను ఆవిడ కోసం పెడుతున్నాననుకున్నాను, ఆవిడ నా కోసం తింటోంది. ఆ నెలంతా నేను రాసుకున్న ఆరులూ ఏడులూ ఆవిడ నాకు పెట్టినవి.

నేనూ ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. వాళ్ళమ్మాయి పక్కనున్న సంచిలోంచి చేతిగుడ్డలో కట్టిన చిన్న గాజు కప్పు తీసింది. పాలూ గుడ్డూ కలిపి ఆవిరి మీద ఉడికించిన మెత్తటి తీపి పదార్థం. తల్లికి ఇష్టమని పొద్దున్నే లేచి చేసిందట. ఇక్కడికి వచ్చాక డాక్టర్లు ఇక నోటితో ఏమీ ఇవ్వకూడదని చెప్పారట. దాన్ని తిరిగి ఇంటికి ఎలా తీసుకెళ్ళాలో ఆవిడకి తెలియలేదు. రెండు చేతులతో నా ముందుకి చాచింది.

"పారెయ్యలేను. మీరు తినండి, దయచేసి."

నాకు ఆకలి లేదు. నాలుగు రోజులుగా మంచినీళ్ళు తప్ప ఏదీ సరిగ్గా గొంతు దిగడం లేదు. వద్దని చెప్పడానికి నోరు తెరిచి ఆవిడ మొహం చూశాను. కప్పు అందుకున్నాను. ఆవిడ చెంచా తుడిచి ఇచ్చి, నేను తింటానో లేదోనని చూస్తూ కూర్చుంది. మొదటి చెంచా మింగాక ఆ మొహం కొంచెం తేటపడింది. అది చూసి రెండోది తిన్నాను. ఒక్కొక్కటీ గొంతులో అడ్డం పడుతుంటే కష్టపడి దించుకుంటూ, ఆవిడ చూస్తుండగా కప్పు అడుగుదాకా తినేశాను.