ఏడు నంబరు మోకాలు

పోయిన మంగళవారం పొద్దున ఆరు గంటల పది నిమిషాలకు ఫోన్ మోగింది. మా వంటింటి గడియారం నాలుగు నిమిషాలు ముందు నడుస్తుంది. ఆ నాలుగూ తీసేసే చెబుతున్నాను. "మేడం, మతిల ఉన్ననా? ఏడు నంబరును" అంది అవతలి గొంతు. నా ఉద్యోగమంతా కాలేజీ ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పడంలోనే గడిచింది. పిల్లల్ని పేరుతో పిలిచే అలవాటు నాకు లేదు, జెర్సీ మీది నంబరుతోనే పిలిచేదాన్ని. ఎంతోమంది ఏడు నంబర్లు వచ్చిపోయారు గానీ, ఫోన్ చేసి ఆ మాట అనగలిగేది ఒక్కతే. "మా బిడ్డ మీ జనగామల్నే కాలేజీల చేరింది మేడం. బంతి వట్టింది. ఐతారం జర ఒచ్చి సూస్తరా?" వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక చాయ్‌లో చక్కెర రెండుసార్లు వేసుకున్నాను. లెక్క తప్పడం నాకు అలవాటు లేని పని.

జనగామలో నేను కోచ్‌గా చేరినప్పుడు కోర్టంటే మొరం నేల, బోర్డంటే వడ్రంగి ఎవరి ఇంటి పాత తలుపునో కోసి కొట్టిన చెక్క. బంతి తగిలినప్పుడల్లా ఎవరో తలుపు తట్టినట్టే ఉండేది. ఒక పిల్ల తండ్రి దేవరుప్పుల నుంచి సైకిల్ మీద వచ్చి, "బిడ్డె సదువుకోను ఒచ్చిందా, దుంకను ఒచ్చిందా?" అని అడిగాడు. "రెండిటికీ ఒచ్చింది బాపూ" అన్నాను. ఆయన సాయంత్రం దాకా గోడ పక్కన కూర్చుని ఆట చూసి, పోతూ పోతూ, "గా పొడుగు పిల్లను జర ఎనుకకు ఉండుమను, మా దానికి అడ్డమొస్తున్నది" అని సలహా చెప్పిపోయాడు. చివరి ఉద్యోగం భూపాలపల్లిలో. అక్కడ గాలిలో బొగ్గు పొడి, చెల్పూరు కరెంటు ప్లాంటు వైపు నుంచి గాలి మళ్లితే బూడిద. ప్రాక్టీసు ముందు కోర్టు తుడవాలి, తర్వాత మొహాలు తుడుచుకోవాలి. ఈ రెండింటి నడుమ మహబూబాబాద్. నేను చెప్పవలసింది అక్కడిదే, అందుకే ఇటూ అటూ తిరుగుతున్నాను.

అంతకుముందు ఒక మాట. మాది రఘునాథపల్లి దగ్గర ఊరు. వ్యాయామ శిక్షణకు పట్నం పోయినప్పుడు హాస్టల్లో కోస్తా వైపు అమ్మాయిలు నా చేత "ఏంది", "గిట్ల" అనిపించుకుని పొట్ట పట్టుకుని నవ్వేవారు. సినిమాలో హాస్యగాడి మాటలా వినిపించేదట. ఇత్తడి చెంబును చింతపండుతో తోమినట్టు ఆ ఏడాదంతా నా మాటను తోముకున్నాను. తిరిగి వచ్చాక మా అవ్వ, "ఎవలతోని మాట్లాడుతున్నవే, నాతోనేనా?" అంది.

మహబూబాబాద్ జట్టులో ఏడు నంబరు, పది నంబరు ఒకే తండా పిల్లలు, అన్నదమ్ముల బిడ్డలు. ఏడు బంతి నడిపేది, పది వెనక కాసేది. ఈ ఆటలో ఒక ఎత్తు ఉంది. మన పిల్ల తన వంతుకు వచ్చిన ఎదుటి పిల్లను అడ్డుకుంటూ పక్కకు జరుగుతుంటే, ఆ జట్టులోనే ఇంకో పిల్ల చప్పుడు లేకుండా వచ్చి ఆమె వెనక గుంజలా నిలబడుతుంది. చూసుకోకపోతే గుద్దుకోవడమే. దాన్ని స్క్రీన్ అంటారు. వెనక ఉన్న తోటి పిల్ల చూసి అరవాలి. పది నంబరు తమ ఇంటి భాషలో ఒక చిన్న మాట అరిచేది. ఏడు తల తిప్పకుండానే తప్పించుకునేది. ఎదుటి వాళ్లకు అర్థమయ్యేది కాదు. నాకూ కాలేదు, అడగనూ లేదు. ఆ ఒక్క మాట మీద చాలా మ్యాచ్‌లు గెలిచాం.

ఒక పోటీలో వేరే ఊరి కోచ్ ఒకాయన నలుగురి ముందూ, "ఏం మేడం, మీ పిల్లలు ఆట ఆడుతున్నారా, మేకల్ని అదిలిస్తున్నారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏడు నంబరు అక్కడే కూర్చుని బూట్ల తాడు కట్టుకుంటోంది. తలెత్తి నన్ను చూసింది, మళ్లీ తాడు చూసుకుంది.

ఆ మరునాడే నియమం పెట్టాను. కోర్టులో ఇంగ్లీషు మాటలే. ఇంటి మాట వినబడితే పది రౌండ్లు పరుగు. "ఇంగ్లీషుల యాదికొచ్చే వరకు గా పిల్ల మీదికే ఒస్తది మేడం" అంది పది నంబరు. "అలవాటు చేసుకోవాలె" అన్నాను. అలవాటు కావడానికి ముందు చాలా రౌండ్లు పరుగెత్తింది. వారం తిరిగేసరికి అసలు అరవడమే మానేసింది. కోర్టు నిశ్శబ్దమైంది. దాన్ని నేను క్రమశిక్షణ అనుకున్నాను.

తర్వాతి మ్యాచ్‌లో, రెండో సగంలో, ఏడు నంబరు పక్కకు జరుగుతోంది. ఎదుటి పిల్ల వచ్చి వెనక నిలబడింది. బెంచీ మీది నుంచి నేను చూశాను. పది నంబరూ చూసింది. దాని నోరు తెరుచుకోవడం కూడా చూశాను. వచ్చిన మాటను మింగి నా మాట కోసం వెతుక్కుంటోంది. "స్క్రీన్" అని అరిచింది, కానీ అంతకు ముందే పత్తికట్టె విరిగినట్టు చప్పుడు వినబడింది. ఎడమ మోకాలు.

దవాఖానలో డాక్టరు ఇక ఆట లేదన్నాడు. యూనివర్సిటీ జట్టులో ఆ పిల్లకు చోటు దొరికి ఉంది. దాని వెంట క్రీడల కోటాలో ఉద్యోగం వస్తుందని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నారు. కూలికి పోయే వాళ్ల నాయిన నా ముందు చేతులు కట్టుకుని, "మీరు సొంత బిడ్డె లెక్క సూస్కున్నరు, మీ తప్పేమున్నది మేడం" అన్నాడు. నేను కాదనలేదు. ప్రిన్సిపాలు అడిగితే, "ఆటలో దెబ్బలు మామూలే సార్" అన్నాను. పది నంబరు తన జెర్సీ ఉతికి, మడతపెట్టి, నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. భూపాలపల్లిలో మొదటి రోజే, "నోటికి ఏ మాట ముందొస్తే ఆ మాటే అరవండి" అని చెప్పాను. పిల్లలు నన్ను మంచి కోచ్ అన్నారు.

ఆదివారం జనగామ కాలేజీకి వెళ్లాను. ఇప్పుడు అక్కడ సిమెంటు కోర్టు, రింగుకు వల కూడా ఉంది. ఏడు నంబరు ఆటోలోంచి ముందు కుడికాలు దించి, ఎడమ కాలును చేత్తో పట్టుకుని దించుకుంది. బిడ్డ ఆడుతుంటే గీత పక్కన నిలబడింది. ఒక పొడుగు పిల్ల వచ్చి బిడ్డ వెనక నిలబడగానే తల్లి అరిచింది. అదే మాట. బిడ్డ తల తిప్పకుండా జారుకుంది.

"గా మాటకు అర్థమేంది?" అని అడిగాను, ఇరవై రెండేళ్ల తర్వాత.

"ఎనుక ఉన్నరు అని. గంతే మేడం."

"నేను గా రూలు వెట్టకపోతే..." అని మొదలుపెట్టాను.

"ఎరికే మేడం" అంది, బిడ్డ మీంచి చూపు తిప్పకుండా. "గప్పటి సంది ఎరికే. చెల్లెకు గూడ ఎరికే. గందుకే అది మల్ల బంతి ముట్టలె."

"మరి నన్నెందుకు పిలిచినవు?"

"మీకు ఆట మంచిగొస్తది. నా బిడ్డెకు గది గావాలె. గని దాన్ని నోరు మూసుకొమ్మనకున్రి."

"అనను" అన్నాను. నన్ను క్షమించినట్టు ఆమె ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

రేపు ఆరింటికి ప్రాక్టీసు. వంటింటి గడియారం ఎప్పటిలాగే నాలుగు నిమిషాలు ముందే ఉంది. ఆ రోజు పది నంబరుకు కావలసింది అందులో ఒక్క రెప్పపాటు. పోయినవి ఇవి: ఏడు నంబరు ఎడమ మోకాలు, యూనివర్సిటీ జట్టులో ఒక చోటు, దాని వెంట రావలసిన ఉద్యోగం, పది నంబరు ఆట మొత్తం. ఆ మ్యాచ్ మేమే గెలిచాం. దాన్ని లెక్కలో వేయలేదు.