పేర్లు పడినంతసేపు

ఆదోనిలో బస్సు దిగి పత్తి మిల్లుల వీధిలోకి మళ్లగానే గింజల నూనె, పత్తి దుమ్ము కలిసిన వెచ్చటి వాసన ముక్కుకు తగులుతుంది. ఇన్నేళ్లయినా ఆ వాసనకు నా చెవులు సిగ్గుతో వేడెక్కుతాయి.

ఎమ్మిగనూరులో మాది మగ్గాల ఇల్లు. ఎండాకాలం సెలవులకు అమ్మ నన్ను ఆదోనిలో ఆ వీధిలోనే ఉండే తన చెల్లెలి ఇంటికి పంపేది. చిన్నమ్మకు పెండ్లయి రెండేళ్లు, ఇంకా పిల్లలు లేరు. వాళ్ల అత్త ఆమెను గడప దాటనిచ్చేది కాదు. నేను పోతే మాత్రం, పిల్ల అడుగుతాంది కదా అని, ఒక్క సినిమాకు వదిలేది. ఆ ఒక్క సినిమా కోసం చిన్నమ్మ ఏడాదంతా ఎదురుచూసి, పొద్దున్నే తలంటుకుని, కనకాంబరాలు పెట్టుకుని, కొంగులో బొరుగులు మూటగట్టుకుని, ఆడోళ్ల బెంచీల్లో అందరికంటే ముందు పోయి కూర్చునేది.

పేర్లు పడేటప్పుడే అది ఏ రకం సినిమానో మాకు తెలిసిపోయేది. దేవుని పటం, దీపం, సన్నాయి వస్తే ఏడ్పించే సినిమా. బొమ్మలు గెంతితే నవ్వుల సినిమా. ఆ పొద్దు అవేవీ రాలేదు. తెరంతా నలుపు. సంగీతం లేదు, ఎవరో ఆడమనిషి ఊపిరి తీసే చప్పుడు మాత్రమే. నల్ల తొడుగు వేసుకున్న చెయ్యి ఒకటి తలుపు గడియ మీదికి మెల్లగా పాకుతుంటే, ఎర్ర అక్షరాలు ఒక్కొక్కటే పడి కిందికి కారిపోతున్నాయి. కథ మొదలే కాలేదు, ఎవరూ చావలేదు, అయినా హాల్లో బొరుగులు నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. గడియ టక్కుమంది. నా పావడా తడిసిపోయింది.

పక్కనామె ఎగిరి లేచింది. "ఎవురిదమ్మా ఈ పాప? బెంచీ అంతా తడిసిపాయ!"

"పాప కాదక్కా, నా సేతిలో నీళ్ల సీసా ఒలికింది" అని చిన్నమ్మ తన కొత్త చీర కొంగుతోనే బెంచీ తుడిచి, అంత పెద్దపిల్లను నన్ను చంకనెత్తుకుని బయటికి వచ్చేసింది. దారిలో కొళాయి దగ్గర నా పావడా ఉతికి, పిండి, మళ్లీ తొడిగింది.

"అప్పుడే వచ్చినారేమి?" అంది వాళ్ల అత్త.

"నాకే కడుపులో తిప్పిందత్తా, కూసోలేకపోయినా" అంది చిన్నమ్మ.

ముసలామె ముఖం వెలిగిపోయింది. ఆ సాయంత్రమే బెల్లం పాయసం వండి వీధంతా పంచింది. నేను అడిగి మరీ రెండోసారి పోయించుకున్నాను.

తర్వాతి సంగతి పెద్దయ్యాక అమ్మ చెప్పింది. కడుపు లేదని తేలినాక, వీధిలో తలవంపులు తెచ్చినావని ఆ అత్త చిన్నమ్మతో చాన్నాళ్లు మాట్లాడలేదట. సినిమా మాట ఎత్తనివ్వలేదట. చిన్నమ్మ ఆమెకు నిజం మాత్రం చెప్పలేదు. "పిల్ల పరువు పోతాది లేక్కా" అని అమ్మతో అన్నదట. ఇద్దరు కొడుకులు పుట్టినా ఆమె మళ్లీ హాలు ముఖం చూడలేదు.

ఇప్పుడు ఆ హాలు లేదు, ఆ చోట బట్టల అంగళ్లు వచ్చినాయి. ఆ అత్తా లేదు. మొన్న పోయినప్పుడు ధైర్యం చేసి, "అంతా నా వల్లే కదా చిన్నమ్మా" అన్నాను.

బియ్యం ఏరుతున్న ఆమె చెయ్యి ఆగింది. "అది పోనీలే గానీ, ఆ సినిమాలో సంపినోడు ఎవురో నీకేమన్నా తెలిసిందా?"