సారె ముట్టని ఐరేని కుండలు

మొన్న బాపట్లలో మా మనవరాలు ఫోనులో ఒక వీడియో చూపించింది. అమెరికాలో ప్యూబ్లో అనే తెగల ఆడవాళ్ళు సారె, అదే కుమ్మరి చక్రం, లేకుండానే మట్టిని తాళ్ళలా పేని, చుట్టమీద చుట్ట పెట్టి కుండలు చేస్తున్నారు, ఆకు కొస నమిలి కుంచె చేసుకుని వాటిమీద బొమ్మలు వేస్తున్నారు. ఇంట్లోవాళ్ళంతా భలే అంటూ చూస్తుంటే నాకు మాత్రం ఒళ్ళు మండింది. అదే పని తెనాలిలో నేను చేసినందుకు పడ్డ మాటలు ఇంకా మర్చిపోలేదు మరి.

మాది కుమ్మరి ఇల్లు. మట్టి తొక్కడం, కాల్చిన కుండలకు సున్నం పూసి, ఈతాకు కుంచెతో చిలకలూ తీగలూ వెయ్యడం ఆడవాళ్ళ పని. సారె మాత్రం ముట్టుకోకూడదు, ముట్టుకుంటే ఇంటికి అరిష్టమనేవారు. ఎనభైలలో, నాకు పదిహేడేళ్ళప్పుడు, సరిగ్గా పెళ్ళిళ్ళ రోజుల్లో మా నాన్న సైకిలు మీంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అప్పటికే అమృతలూరులో ఒక పెళ్ళివారికి ఐరేని కుండలు, అంటే పెళ్ళిపందిట్లో పేర్చే రంగుల కుండలు, ఇస్తామని మాటిచ్చి ఉన్నాం. తాతల నాటినుంచి ఆ ఇంటికి కుండలిచ్చే హక్కు మాది. ఈసారి ఇవ్వలేకపోతే అది రేపల్లెలో ఉన్న మా పెదనాన్నకు పోతుంది. ఆ మాట చెప్పడానికే ఆయన బస్సెక్కి వచ్చి, నాన్న మంచం పక్కన కూర్చుని, "నీకు మగపిల్లాడు లేడు కదరా, ఇంక ఆ ఇంటి హక్కు నాకొదిలెయ్" అన్నాడు. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

మర్నాడే పెరట్లో, సారెకు దూరంగా, వీధిలో వెళ్ళేవాళ్ళకి కూడా కనబడేలా కూర్చుని, పాత మూకుట్లో మట్టి చుట్టలు ఒకదానిమీద ఒకటి పేర్చి, లోపల రాయి ఆనించి పైన చెక్కతో తట్టడం మొదలుపెట్టాను. మొదటి రెండూ కూలిపోయాయి, మూడోది నిలబడింది. అమ్మ కుండలు కాల్చే ఆవం పేర్చింది. వంకర కనిపించిన చోటల్లా తీగను దట్టంగా వేశాను.

కుండలు తీసుకెళ్ళడానికి పెళ్ళివారి ఆడవాళ్ళు మేళంతో వచ్చిన రోజు పెదనాన్న కూడా దిగాడు, ఇంటి ఆచారం తప్పానని అందరిముందూ నన్ను కడిగేద్దామని. "సారె ముట్టుకోవద్దన్నారు, ముట్టుకోలేదండి. మట్టి ముట్టుకోవద్దని ఎవరూ అనలేదు కదా" అన్నాను. పెళ్ళికూతురి నాయనమ్మ కుండ చుట్టూ చెయ్యి తిప్పి చూసి, ఎవరు చేశారే అని అడిగింది. నేనేనండి అన్నాను. ఆవిడ కుండలకు బొట్టు పెట్టి, ఎప్పుడూ నాన్నకిచ్చే తాంబూలం నా చేతిలో పెట్టింది. పెదనాన్న కాఫీ తాగకుండానే బస్సుకెళ్ళిపోయాడు.

చెయ్యి అతుక్కున్నాక నాన్నే నన్ను సారె దగ్గర కూర్చోబెట్టాడు. అరిష్టం ఏదీ రాలేదు, వస్తే చూద్దామని నేనూ చూశాను.

ఇప్పుడు ఐరేని కుండలు తళుకులు అంటించి బజార్లో అమ్ముతున్నారు. సారెకు మోటారు వచ్చింది, ఆడపిల్లను కూర్చోవద్దనేవాళ్ళు లేరు, కూర్చుంటానని పంతం పట్టే పిల్లా లేదు. అంత పోట్లాడి నిలబెట్టుకున్న హక్కును ఎవరి చేతిలో పెట్టాలో తెలియక నా దగ్గరే ఉంచుకున్నాను.