కొబ్బరికాయ లేచిన చోటు

మొన్న విడపనకల్లు దగ్గర నా నటన ఒక రైతు సంసారాన్ని దాదాపు ముంచినంత పని చేసింది. ఈ విషయం బయట పెట్టకూడదనే అనుకొన్నాను. కానీ మా యూనిట్ వాళ్లు మీలో సగంమందికి ఇప్పటికే చెప్పేశారని తెలిసింది. చిలవలు పలవలు చేరకముందే అసలు సంగతి నా నోట వినండి. టీ చల్లారనివ్వకండి.

నేనే రాసి, నేనే దర్శకత్వం వహిస్తూ, నేనే ప్రధాన పాత్ర ధరిస్తున్న చిత్రమది. పాత్ర, బోర్లకు నీళ్లు చూసేవాడు. మన జిల్లాలో మీరంతా ఎరిగినదే. అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పడుకోబెట్టుకొని చేనంతా నడుస్తాడు. నీరున్న చోట కాయ నిటారుగా లేచి నిలబడుతుందని నమ్మకం. అక్కడ రాయి పెట్టి, పసుపు కుంకుమ వేసి, బోరు లారీని పిలుస్తారు.

ఆ కాయ లేవడానికి గ్రాఫిక్స్ వాడదామన్నాడు మా అసిస్టెంట్ డైరెక్టర్ సుధాకర్. నేను ఒప్పుకోలేదు. నటుడి చేతిలో జరగవలసినది కంప్యూటర్‌లో జరగడం నాకు సమ్మతం కాదు. ఇంట్లో అద్దం ముందు నెలరోజులు సాధన చేశాను. అరచేతిని వంచీ వంచనట్టు వంచి, బొటనవేలితో అడుగున నొక్కితే చాలు, కాయ తనంతట తానే లేచినట్టు ఉంటుంది. చేతిలో సగం పనే ఉంది. మిగిలిన సగం ముఖంలో ఉంది. కాయ లేచినందుకు అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోవలసినవాడు దాన్ని లేపినవాడే. నటన గురించి నాకు తెలిసినదంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది.

షూటింగ్‌కు ఓబులేసు అనే రైతు చేను తీసుకొన్నాము. మొదటి టేక్‌లోనే షాట్ ఓకే. నల్లరేగడి నేల మీద నడిచాను, చేను మధ్యకు రాగానే ఆగాను, కాయ లేచింది, నా కళ్లు చెమర్చాయి. కెమెరామన్ ‘కట్’ వినగానే చప్పట్లు కొట్టాడు. గట్టు మీద నిలబడి చూస్తున్న జనం కొట్టలేదు. నిశ్శబ్దంగా చేతులు జోడించారు. నిజాయతీగా చెబుతున్నాను, అంతటి గౌరవం ఏ వేదిక మీదా నాకు దక్కలేదు. గంభీరంగా తల పంకించి భోజనానికి వెళ్లాను.

పెరుగన్నంలో ఉండగా సుధాకర్ పరుగెత్తుకొచ్చాడు.

“సార్, కొంప మునిగింది! ఓబులేసు మీరు నిలబడిన చోట రాయి పెట్టేశాడు. బోరు లారీకి ఫోన్ చేశాడట. గొర్రెలు కొనే ఆసామి కూడా టెంపో వేసుకొని వచ్చాడు!”

“గొర్రెలతో బోరుకేమి సంబంధం?”

“అవి అమ్మే బోరు వేయిస్తాడట సార్. ఆ గొర్రెలు పోతే వాళ్లకింకేమీ లేదు.”

చేయి కడుక్కొని చేను మధ్యకు నడిచాను. రాయికి అప్పుడే కుంకుమ పడింది. టెంపో దగ్గర ఓబులేసు భార్య నాగమ్మ గొర్రెలకు అడ్డంగా నిలబడి ఉంది.

“ఓబులేసూ, ఇది సినిమా. నేను నటించాను. ఇక్కడ నీరున్నదని నేను చెప్పలేను.”

ఓబులేసు నవ్వినాడు. “సినిమా అని నీకు తెలుసు సామీ. కాయకేం తెలుసు?”

నా బొటనవేలు పైకెత్తి చూపాను.

“కాయను లేపింది నేనే. బొటనవేలితో.”

“పెద్దోళ్లు యాడన్నా మేమే చేసినాం అంటారా? వినయం సామీ నీది!”

మాటలతో పని కాదని తెలిసి, చేసి చూపదలచాను. పొరపాటు అక్కడ జరిగింది. కాయ తీసుకొని పక్కనే ఉన్న బండరాయి ఎక్కాను. “చూడండి, రాతి మీద కూడా లేస్తుంది!” అంటూ లేపాను. లేచింది. అలవాటు కొద్దీ ముఖంలో ఆ ఆశ్చర్యం కూడా వచ్చేసింది.

“రాతికింద ఊట ఉండాది!” అని ఎవరో అరిచారు. బండ మీద ఇంకొక రాయి పడింది.

నాకు పట్టుదల పెరిగింది. రోడ్డు మీదకు నడిచి, మా జనరేటర్ వ్యాన్ పక్కన లేపాను. అక్కడా రాయి పెట్టారు. వ్యాన్ పక్కకు తీయమని డ్రైవర్‌తో తగాదా మొదలైంది. నా నటన అబద్ధమని చూపడానికి నేనెంత శ్రమిస్తే నా కీర్తి అంత పెరుగుతున్నది! గుత్తి వైపు నుంచి బోరు లారీ దుమ్ము లేపుకుంటూ వస్తున్నది. గొర్రెల ఆసామి టెంపో వెనుక తలుపు తీశాడు.

అప్పుడు నాగమ్మ నా ముందుకొచ్చింది.

“అన్నా, నువ్వు లేపినావంటాండావు కదా. సరే. ఇప్పుడు లేపద్దు. ఊరికే పట్టుకోని చేనంతా తిరుగు. లేస్తే గొర్రెలు నేనే టెంపో ఎక్కిస్తా. లెయ్యకపోతే లారీని ఎనక్కి పంపల్ల. ఏమప్పా, ఒప్పుకుంటావా?”

చివరి మాట మొగుడితో. “ఒప్పుకుంటి” అన్నాడు ఓబులేసు, నా చేతి మీద అంత నమ్మకం అతనికి.

నడిచాను. ఏమీ చేయకుండా నడవడం ఇంత కష్టమని నాకు తెలియదు. చేను చుట్టూ ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నది. అటువంటి ప్రేక్షకులు ఎదుట ఉండగా నటుడి బొటనవేలు ఊరుకుంటుందా? నెలరోజుల సాధన అది. దురద పెట్టినట్టు కదిలింది. పళ్లు బిగించి దాన్ని అణచాను. రాయి పెట్టిన చోటుకు వచ్చాను. ఓబులేసు ముందుకు వంగాడు. ఆ ముఖం చూసి, ఒక్కసారి లేపి అతన్ని సంతోషపెడదామనిపించింది, దాచను. కాయ పడుకొనే ఉంది. చేను చివరిదాకా పడుకొనే ఉంది.

ఎవరూ చేతులు జోడించలేదు. ఒక ముసలాయన “తుస్సు” అన్నాడు. నా వృత్తిజీవితంలో అంత సంక్షిప్తమైన సమీక్ష నేను చదవలేదు.

ఓబులేసు గట్టు మీద కూలబడ్డాడు. “సరిగా పట్టుకున్న్యావా సామీ?”

“లెయ్యలేదు కదప్పా!” అన్నది నాగమ్మ. “నీళ్లు ఉండాయని చెప్పేటోళ్లను శానామందిని చూసినాం. అందురూ బోరు ఏపిచ్చి పోయినోళ్లే. నీళ్లు లేవని చెప్తే ఈ అన్నకు ఏమొస్తాది? అట్లా మనిషినే నమ్మల్ల. పంపు లారీని.”

లారీ వెనక్కి తిరిగింది. టెంపో ఖాళీగా వెళ్లింది. గొర్రెలు దారికడ్డంగా నిలబడి మా వ్యాన్‌ను కూడా చాలాసేపు కదలనివ్వలేదు. నాగమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను ఎంతో తృప్తిగా తాగాను. ఒక నటుడు తన విద్యను బిగబట్టి ఒక కుటుంబాన్ని నిలబెట్టాడని, ఇది ఏనాటికైనా నా ఆత్మకథలో ఒక అధ్యాయం కాగలదని కూడా అనుకొన్నాను.

సాయంత్రం ఉరవకొండలో టీకి ఆగాము. రోడ్డుకు అవతల నుంచి ఒక పెద్దమనిషి నన్ను తేరిపార చూశాడు. పక్కవాడి చెవిలో ఏదో చెప్పాడు. ఇద్దరూ ఆనందంగా రోడ్డు దాటారు. గుర్తుపట్టారు! చాలాకాలమైంది ఇలా జరిగి. కండువా సర్దుకొన్నాను. సంతకానికని పెన్ను మూత తీసి పట్టుకొన్నాను.

“విడపనకల్లు కాడ కాయ పట్టింది మీరే కదా సామీ?”

“నేనే” అన్నాను, పాత్ర పేరు చెప్పబోతూ.

“నిజం చెప్పే మనిషంట మీరు. రొంతసేపు ఈడే ఉండండి సామీ” అన్నాడాయన. “అంగడికి పోయి టెంకాయ తెస్తా.”

పెన్నుకు మూత పెట్టుకొన్నాను.