టక్కుమనని స్విచ్

రాప్తాడు జోయల్ చెవితో మరమ్మతు చేసే మనిషి. బోరు మోటార్ల స్టార్టర్లు బాగుచేసి బతికినవాడు. స్టార్టర్ టక్కుమంటే బతికినట్టు, అనకపోతే చచ్చినట్టు. బోర్లు ఎండిపోయాక అనంతపురంలో ఒక స్కానింగ్ సెంటర్లో మిషన్ల పనికి కుదిరాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు కదా, ఆ చెవినీ వెంట తెచ్చుకున్నాడు.

ఆ రోజు ఎమ్మారైలో బొమ్మ తీయడానికి పాదానికి తొడిగే తీగచుట్ట, కాయిల్, చెడింది. మిషన్ రేడియో తరంగాలు వదిలే క్షణంలో ఆ కాయిల్‌లో కరెంటు దారిని తెంచి ఉంచే స్విచ్ ఒకటి అందులో ఉంటుంది. చెడింది అదే. అది తెంచకపోతే కాయిల్ వేడెక్కి ఒళ్లు కాలుస్తుంది. అసలు స్విచ్ కదలని, పలకని చిన్న డయోడ్. పలకదు కాబట్టి జోయల్‌కు దానిమీద మొదటినుంచీ అనుమానమే. పైగా కొత్తది బెంగళూరు నుంచి రావాలి.

బయట కళ్యాణదుర్గం పెద్దక్క కూర్చుని ఉంది. కూలిపని మనిషి. పాదంలో మానని పుండు. చీము ఎముకదాకా పోయిందో లేదో తేలితేగాని కాలు ఉంచాలో తీయాలో డాక్టరు చెప్పడు. ఆమెను చూసి జాలిపడి జోయల్ డయోడ్ బదులు, స్టార్టర్లలో టక్కుమని కొట్టుకునే స్విచ్ లాంటి రిలే ఒకటి వేశాడు. బల్ల మీద అది టక్కుమంది. హాయిగా నవ్వుకున్నాడు.

బాగుచేసిన దాంట్లో ముందు తన కాలే పెట్టడం అతని పద్ధతి. పెట్టాడు. కాసేపటికే మడమ చురుక్కుమంది. మిషన్ ఆపమని చెప్పడానికి లోపలి మనిషి చేతికిచ్చే రబ్బరు బుడ్డి నొక్కి బయటపడ్డాడు. రిలే లోపలి ఇనుప రేకును మిషన్ అయస్కాంతం ఒకవైపే పట్టేసింది. స్విచ్ తెంచనేలేదు. జోయల్‌కు సిగ్గేసింది.

సెంటర్ చూసుకునే నరేంద్ర విసుక్కున్నాడు. "ఏమప్పా, రవ్వంత వేడికేనా? ఆమె చేతికీ బుడ్డి ఇస్తాం గదా. కాలితే నొక్కుతాది. పొద్దున్నించి కూచోనుండాది, పాపం."

ఆ మాటలో అబద్ధం లేదు. జోయల్ మనసు కొంత మెత్తబడింది కూడా. బుడ్డి తీసుకుని ఆమె దగ్గరికే పోయాడు.

"అక్కా, లోపల కాలికి వేడి తగలొచ్చు. తగిలితే దీన్ని నొక్కల్ల. నొక్కుతావా?"

పెద్దక్క దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"నొక్కుతా గానీ, నాకెట్ల తెలుస్తాదప్పా? షుగరుకు కాళ్లు మొద్దుబారిపోయినాయి. ఈ పుండు గూడా పొయ్యికాడ నిప్పు తొక్కి అయినదే. కమురు వాసనొస్తే అప్పుడు చూసుకుంటి."

జోయల్ ఆమె చేతిలోంచి బుడ్డి వెనక్కి తీసుకున్నాడు.

"ఈ పొద్దు వద్దక్కా," అన్నాడు. "బెంగళూరు సామాను రానీ. నేనే వచ్చి పిల్చుకొస్తా."