చిట్యాల అడ్డా మీద రెండు మార్కుల జవాబు

ఈ ప్రయాణానికి కారణం ఒక కవిత. మహబూబ్‌నగర్‌లో ముప్పై ఒక్క ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా కాలేజీవాళ్లు వార్షిక సంచికకు నాలుగు పేజీల విశ్లేషణ అడిగారు. చాలా ఏళ్లు పాఠ్యపుస్తకంలో ఉన్న పాత ఆంగ్ల కవిత, కాల్పనికోద్యమం నాటిది. కవి తన మహానగరం వీధుల్లో ఒంటరిగా తిరుగుతాడు. ఎదురైన ముఖాల్లో ఆకలినీ అలసటనీ చూస్తాడు. ఏలేవాళ్లను నిలదీస్తాడు.

నా నోట్సులో దీనికి నాలుగు ఉపశీర్షికలు, ఒక్కోదానికి రెండున్నర మార్కులు. వాటిని ముందు పెట్టుకుని గంటలో వ్యాసం రాసేశాను. ఈ పాఠం మొదట ఎప్పుడు చెప్పానో చూద్దామని పాత డైరీలు తీశాను. జవాబు పత్రాలు దిద్దే క్యాంపు రోజుల్లో రాసుకున్న ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. ఒక పత్రంలోంచి నాలుగు వాక్యాలు ఎత్తి రాసుకున్నాను. తెలుగులో చెబితే ఇలా ఉంటాయి:

"మా అమ్మ రోజూ పొద్దున ఆరింటికి చిట్యాల అడ్డా మీద నిలబడుతుంది. పనికి పిలిచేవాళ్లు ఆమె చేతులు చూస్తారు, పేరు అడగరు. ఈ కవి కూడా అంతే. అన్ని ముఖాలు చూశాడు, ఒక్కరి పేరూ అడగలేదు."

కింద నా చేతిరాత: "పదికి రెండు. నోట్సులో లేదు."

ఎందుకు ఎత్తి రాసుకున్నానో గుర్తు లేదు. బహుశా తోటివాళ్లకు చదివి వినిపించి నవ్వుకోవడానికే. జవాబు పత్రం మీద పేరుండదు, కోడ్ నంబరే. దిద్దినవాడి పేరూ ఉండదు, నాదీ ఒక నంబరే. రాసింది అమ్మాయో అబ్బాయో కూడా తెలియదు. వెతికి పట్టుకునే దారి లేదు. నల్లగొండ జిల్లాలోని ఆ కూలీల అడ్డా మాత్రం ఉంటుంది కదా అనుకున్నాను. అది చూడకుండా వ్యాసం పంపబుద్ధి కాలేదు.

కార్తీకంలో ఒక ఆదివారం ఉదయం 8.10కి నల్లగొండ బస్సెక్కాను. ఇంట్లో చెప్పి రావడానికి ఎవరూ లేరు. తాళంచెవి పక్కింట్లో ఇచ్చాను. ఎప్పుడొస్తారని వాళ్లు అడగలేదు.

కల్వకుర్తిలో ఒక నడివయసామె నా పక్కన కూర్చుంది. కండక్టర్‌కు ఆధార్ చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది. నా చేతిలో డబ్బులిచ్చి కొన్న టికెట్ చూసి నవ్వింది. "గిప్పుడు మొగోళ్లదే నష్టం సారూ. ఏడికి, సుట్టాలింటికా?"

"కాదమ్మా. చిట్యాల అడ్డా చూడటానికి."

"అడ్డా సూసుడేంది? గదేమన్న గుడా?" అంది. తర్వాత దేవరకొండ వచ్చేదాకా నిద్రపోయింది.

దేవరకొండలో పదిహేను నిమిషాలు ఆపారు. రెండు ఇడ్లీలు తిన్నాను. అక్కడి నుంచి రోడ్డుకు రెండు వైపులా పత్తి విచ్చి ఉంది. 1.25కి నల్లగొండ. బస్టాండు ఎదుటి లాడ్జిలో ఆరు వందలకు గది దొరికింది. సాయంత్రం వరకు కవితను మూడుసార్లు చదివాను. ఆ విద్యార్థి చెప్పింది నిజమే. అందులో ఎవరికీ పేరు లేదు. ఎవరూ కవితో మాట్లాడరు కూడా. అన్నేళ్లు చెప్పిన పాఠంలో ఇది నాకు కనబడలేదు.

మర్నాడు తెల్లవారుజామున 4.40 బస్సు పట్టుకుని, నార్కట్‌పల్లి మీదుగా 5.45కి చిట్యాలలో దిగాను. చలి. హైవే పక్కన నలభై యాభై మంది నిలబడి ఉన్నారు. ఆడవాళ్లే ఎక్కువ. ప్రతి చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. నేను సంచీ భుజానికి తగిలించుకుని, డైరీ తెరిచి టైము రాసుకుంటూ ఒక మూల నిలబడ్డాను.

అర నిమిషంలో చుట్టూ మూగారు.

"ఎంతమంది గావాలె సారూ?"

"పత్తి ఏరుడా, సెంట్రింగ్ పనా?"

"నన్ను రాసుకో సారూ, నేను ముందుగాల వచ్చిన!"

నేను పని ఇచ్చేవాణ్ణి కాదని చెప్పాను. "గట్లయితే బుక్కెందుకు తెరిచినవ్?" అని ఒకామె కసిరింది. అందరూ విడిపోయారు. యాభై ఏళ్లుండే ఒకామె మాత్రం నిలబడింది. తలకు మఫ్లర్, చీర మీద మగవాళ్ల చొక్కా. అదే అదనుగా నేను అడగాలనుకున్నది అడిగాను.

"మీ పేరేమిటమ్మా?"

"పేరెందుకు సారూ? పేర్లు రాసుకపోయినోళ్లు మస్తుమంది. రేషన్కని ఒకడు, లోనుకని ఒకడు."

అలా కాదని చెప్పాలనిపించింది. ఎప్పటి నుంచి ఇక్కడికి వస్తున్నారు, పిల్లలు ఏం చదివారు అని వరసగా అడిగాను. ఆమె మర్యాదకు జవాబు చెబుతూనే ఉంది. ఇంతలో వెనక ట్రాలీ ఆటో ఆగింది. పత్తి పనికి పద్నాలుగు మంది. ఆమె తిరిగి పరుగెత్తేసరికి ట్రాలీ నిండిపోయింది. రోజూ ఆమెతో జోడీగా పనికి వెళ్లే ఎర్ర స్వెటరామె కూడా ఆమె కోసం ఆగి ఉండిపోయింది. "ముచ్చట వెట్టుకుంటవా పొద్దుపొద్దుగాల!" అని గట్టిగా తిట్టింది.

డైరీలో టైము రాయలేదు. అప్పుడు ఆరు ఇరవై అయి ఉంటుంది.

ఏం చేయాలో తోచక రోజు కూలి ఇస్తానన్నాను. ఆమె వద్దని చేయి ఊపి, "ఛాయ్ తాపియ్యి. ఇంకో బండి రాకపోతదా సూద్దాం" అంది.

రోడ్డు మీద ఒక కన్ను వేసి ముగ్గురం టీ తాగాం. ఇంత దూరం ఎందుకొచ్చావని అడిగితే డైరీ తీసి ఆ నాలుగు వాక్యాలు చదివాను. ఆమె గ్లాసు కింద పెట్టి వింది.

"ఎవల పిల్లనో గని, తల్లిని మంచిగ సూసింది. ఎన్ని మార్కులేసినవ్?"

"రెండు."

"ఎన్నిట్ల?"

"పదిలో."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మా మేస్త్రి గూడ కూలిల గింత కోత వెట్టడు గద సారూ!" అంది మఫ్లరామె. ఎర్ర స్వెటరామె పడీపడీ నవ్వింది.

7.50కి ఒక ట్రాక్టరు వచ్చింది. ఇటుకలు దించడానికి ఇద్దరు కావాలి. "పొద్దెక్కింది, కూలి తక్కువిస్త" అన్నాడు డ్రైవరు. బేరమాడే వేళ కాదని ఆమెకు తెలుసు. వెంటనే లేచింది. నా వైపు తిరగలేదు. జోడీ ముందెక్కి చేయందిస్తూ, "సైదమ్మా, దబ్బున ఎక్కు" అంది.

ఆమె పేరు నాకు అలా తెలిసింది.

8.30కి హైదరాబాద్ బస్సు, అక్కడి నుంచి 11.15కి మహబూబ్‌నగర్ బస్సు. కిటికీ పక్క సీటు. పక్క సీటు ఖాళీగానే వచ్చింది. ఎవరైనా ఆ అడ్డాకు వెళ్లాలనుకుంటే ఒక మాట. ఆరింటికి ముందే చేరండి, కానీ రోడ్డుకు అవతల నిలబడండి. చేతిలో పుస్తకం తెరిచి ఉంచకండి. ఎవరితోనైనా మాట్లాడాలంటే ఆఖరి బండి పోయేదాకా ఆగండి. అప్పుడు మిగిలిపోయినవాళ్లకు మాట్లాడే మనసు ఉంటుందో లేదో నాకు తెలియదు.

షాద్‌నగర్ దాటాక సంచీలోని నాలుగు పేజీల వ్యాసం చింపేసి ఒక్క పేజీ రాశాను. అడ్డా మీద రెండు రకాలవాళ్లకే జాగా ఉంటుంది: పని అడిగేవాళ్లకు, పని ఇచ్చేవాళ్లకు. ఊరికే చూసేవాణ్ణి కూడా జనం ఈ రెంటిలో ఒకటిగానే లెక్కిస్తారు. ఆ కవి అందరి ముఖాలూ చూపించాడు, తానెక్కడ నిలబడ్డాడో చెప్పలేదు. నేనూ పిల్లలకు ఆ ప్రశ్న వేయలేదు. ఒక విద్యార్థి ఎవరూ అడగకుండానే, అతను పనికి పిలిచేవాళ్ల వైపు నిలబడ్డాడని జవాబు రాస్తే పదికి రెండు వేశాను.

ఆ నాలుగు వాక్యాలూ, ఆ రెండు మార్కులూ ఉన్నవి ఉన్నట్టే ఎత్తి రాశాను. సైదమ్మ మాట కూడా రాశాను. 1.40కి దిగేముందు, దిద్దినవాడి నంబరు వేసే అలవాటు చొప్పున చేయి పేజీ అడుగుకు పోయింది. అక్కడ నా పూర్తి పేరు రాశాను.