సీసాలు మారలేదు

లింగ్యా ఉద్యోగమంతా నాలుగు ఊళ్ల మధ్యే గడిచింది. పొద్దున్నే సూర్యాపేటలో బయల్దేరిన బస్సు కోదాడ పోయి, హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరేది. తెల్లారి మళ్లీ అదే దారిన వెనక్కి. కండక్టరుగా చేరిన ఎనభై మూడు నుంచి అతను ఇంట్లో పడుకున్నదాని కంటే బస్సు సీట్ల మీద పడుకున్నదే ఎక్కువ. మనిషి ఎండిన కందికట్టెలా ఉండేవాడు. అతని ఖాకీ చొక్కాలో ఇంకొకరికి కూడా చోటుందని డ్రైవర్ దావీదు వెక్కిరించేవాడు. దావీదుది కోదాడ. స్టీరింగుకూ పొట్టకూ మధ్య గాలి దూరే సందు లేని మనిషి.

తొంభై నాలుగు వేసవికి లింగ్యా తన అన్న రాందాసు పోయిన వయసుకు వచ్చాడు. తండ్రి సక్రు అంతకంటే కాస్త పెద్దవాడై, మోతె దగ్గర తమ తండా చెలకలో నాగలి పట్టుకునే కూలిపోయాడు. రాందాసుకు ఒక పొద్దున మూతి వంకరపోయి, కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. పావురాన్ని కోసి ఆ నెత్తురు పట్టించారు. నెల తిరక్కుండానే అతనూ పోయాడు. ఈ ఏడు గడిస్తే చాలు, తర్వాత సంగతి తర్వాత అనుకునేవాడు లింగ్యా. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఆ ఇంటివాళ్లకు ఒక గుర్తు ఉండేది. మడమ వెనక నరం మీద గట్టి గడ్డ. కొందరికి కంటిరెప్ప మూలన పసుపు అంటినట్టు మచ్చ కూడా. సక్రుకు రెండూ ఉండేవి. లింగ్యాకూ ఉన్నాయి. అది తమ ఇంటి ముద్ర అని తల్లి భూలి మురిసిపోయేది. లింగ్యా ఒక్కగానొక్క కూతురు తారా మడమ మీద కిందటేడు ఆ గడ్డ కనపడినప్పుడు, ముసలమ్మ తండా అంతా తిరిగి బెల్లం పంచింది.

ఆ వేసవిలోనే దావీదుకు రెండుసార్లు కళ్లు తిరిగాయి. సూర్యాపేట డాక్టరు రక్తంలో కొలెస్ట్రాల్ చూపించుకోమని రాసిచ్చాడు. స్టీరింగు పట్టుకుంటే లారీలకు దారివ్వని దావీదు, ల్యాబ్ గుమ్మం ముందు మాత్రం కాలు కదపలేదు.

“నువ్వు కూడా తీయించుకో లింగ్యా. ఒక్కణ్నే పొడిపించుకోవాలంటే నా వల్ల కావట్లేదు.”

“నాకెందుకన్నా? నన్ను పిండితే సెమట తప్ప ఏమొస్తది?”

“చెమటే ఇవ్వవయ్యా. తోడుంటే చాలు.”

ఇద్దరూ పరగడుపునే ఇచ్చారు. తర్వాతి ట్రిప్పుకు వచ్చినప్పుడు ల్యాబ్ నడిపే మల్సూర్ రెండు కాగితాలు బల్ల మీద పెట్టాడు.

“దావీదన్నా, నీది మంచిగనే ఉంది. లింగ్యా, నీదే మస్తు ఎక్కువుంది. డాక్టరుకు సూపియ్యి.”

దావీదు పడీపడీ నవ్వాడు. “సీసాలు మార్చావు కదయ్యా?”

“మారలే. పేర్లు నేనే రాసిన.”

“రాస్తే రాశావులే. మా ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, కొవ్వు ఎవరి దగ్గరుందో బస్సులో ఎవర్నన్నా అడుగు, చెప్తారు.”

లింగ్యా కూడా నవ్వాడు. మల్సూర్ మళ్లీ ఏదో అనబోతే, బస్సుకు టైమైందని లేచాడు. ఎక్కువున్న కాగితం దావీదు తనదేనంటూ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి దావీదు పథ్యం మొదలుపెట్టాడు. ఎండు జొన్నరొట్టె, నూనె లేని ఆకుకూర. భార్యకు ఎన్నిసార్లు చెప్పినా అలవాటు కొద్దీ టిఫిన్ కింది గిన్నెలో మటన్ పెట్టి పంపేది. దావీదు దాని వాసన పీల్చి, నిట్టూర్చి, లింగ్యా వైపు జరిపేవాడు.

“తిను. నాలుగు ముక్కలు ఎముకల మీద పడాలి నీకు.”

లింగ్యా తినేవాడు. ఇష్టంతో కాదు. పొద్దంతా నిలబడిన కాళ్లకు ఏదో ఒకటి కావాలి. గిన్నె అంచున గడ్డకట్టిన కొవ్వును రొట్టెముక్కతో తుడుచుకుని మరీ తినేవాడు. వానాకాలం వచ్చేసరికి దావీదు చొక్కా వదులైంది. లింగ్యాకు బస్సు పైకి మూటలెక్కించేటప్పుడు ఛాతీలో పట్టేసినట్టు ఉండేది. గ్యాస్ అనుకుని సోడా తాగేవాడు.

ఒక సాయంత్రం మిర్యాలగూడ బస్టాండులో, ఎవరిదో విత్తనాల సంచి భుజాన వేసుకుని ఇనుప నిచ్చెన ఎక్కుతూ సగంలో ఆగిపోయాడు. సంచి జారి కింద పడింది. కిందికి దిగి నిచ్చెన మొదట్లోనే కూర్చున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. ఎడమ చెయ్యి తనది కానట్టుంది.

“ఏందిరా, ఏమైంది?” దావీదు పరిగెత్తుకొచ్చాడు.

“ఏం లేదన్నా. జరసేపు కూసుంట.”

కాసేపటికి తగ్గింది. అయినా దావీదు ఊరుకోలేదు. తెల్లారి సూర్యాపేటలో దిగగానే చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఛాతీకి తీగలు పెట్టి ఈసీజీ పట్టీ తీశారు. డాక్టరు ఆ పట్టీ కంటే ముందు లింగ్యా కంటిరెప్పల వైపే చూశాడు.

“బూట్లు విప్పు.”

మడమ వెనక గడ్డను వేలితో నొక్కి చూశాడు. తండ్రి గురించి అడిగాడు, అన్న గురించి అడిగాడు. సీసాలు మారాయనుకున్నామంటూ దావీదు జేబులోంచి తీసిచ్చిన మాసిపోయిన కాగితం చదివాడు.

“సీసాలు మారలేదు. ఇది నీదే.”

“ఇంత బక్కోనికి ఎట్లుంటది సార్?”

“కొవ్వు తిండితోనే రాదు, కాలేయం కూడా తయారుచేస్తుంది. మీ ఇంట్లోవాళ్లకు దాన్ని రక్తంలోంచి తీసేసే పని పుట్టుకతోనే మందకొడి. సన్నగా ఉన్నా రక్తనాళాల్లో పేరుకుపోతుంది. గుండెకు పోయే దారి మూసుకుంటే మీ నాన్నలాగా, మెదడుకు పోయే దారి మూసుకుంటే మీ అన్నలాగా. ఈ గడ్డలు కూడా అదే కొవ్వు.”

లింగ్యా బూటు చేతిలో పట్టుకుని అలాగే ఉన్నాడు. “మా అన్న వయసు దాటుతనా సార్?”

“మాటివ్వలేను. హైదరాబాద్ పోయి గుండె చూపించుకో, మూటలు మొయ్యకు. రాసిచ్చిన మాత్రలు బతికినన్నాళ్లూ వేసుకోవాలి.” కలం మూస్తూ అడిగాడు. “పిల్లలెంతమంది?”

“ఒక్కతే బిడ్డ.”

“ఆమె రక్తం కూడా చూపించు. చిన్న వయసులో తెలిస్తే చాలా చెయ్యొచ్చు.”

లింగ్యాకు తల్లి పంచిన బెల్లం గుర్తొచ్చింది.

బయటికొచ్చాక దావీదు, “నా గిన్నెలో మటనంతా నీకే పెట్టాను గదరా,” అన్నాడు.

“ఇగ ఊకో అన్నా. పథ్యం నువ్వు చేసినవ్, మందు నేను మింగుత. లెక్క సరిపాయె.”

ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

సెలవు పెట్టి తండాకు పోయాడు. పొయ్యి దగ్గర కూర్చున్న తల్లికి తమ భాషలోనే మెల్లగా చెప్పాడు. భూలి చేతిలో రొట్టె పెనం మీదే మాడింది.

“నా మొగని ముద్రను రోగమంటవా? గా డాక్టరుకు మన ఇంటి గురించి ఏం తెలుసు?”

“నాయిన ఆ ముద్రతోనే పోయిండు యాడీ. అన్న కూడా గంతే.”

“నువ్వున్నవ్ కద.”

“ఉన్న. ఎన్నొద్దులుంటనో తెల్వదు.” వాదించే ఓపిక అతనికి లేదు. గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. “నా సంగతి ఇడిసెయ్. తారాను రేపు తోల్కపోత.”

తారా నీళ్లబిందె దించి, అన్నీ విన్నట్టే నిలబడింది. “నాకు నొప్పే లేదు కద బా?” అని తండ్రిని అడిగింది.

“నాకూ లేకుండె బిడ్డా.”

ఆమె కుడిపాదం ఎడమపాదం వెనక దాచుకుంది.

తెల్లారి మోతె నుంచి మొదటి బస్సుకు తండ్రీ కూతుళ్లు బయల్దేరుతుంటే, భూలి వెనకే వచ్చి బట్టలో కట్టిన రొట్టెలు తారా చేతిలో పెట్టింది.

“నెత్తురిచ్చినంక తినుండ్రి,” అని, మొహం చూడకుండా వెనక్కి తిరిగింది.

ల్యాబులో మల్సూర్ తారా చేతికి రబ్బరు గొట్టం కట్టి నెత్తురు తీశాడు. సీసా మీద అతికించిన కాగితంపై పేరు రాస్తుంటే లింగ్యా బల్ల మీదికి వంగాడు.

“మంచిగ రాయి మల్సూరన్నా.”

“సూడు, నువ్వే సదువుకో. తారా.”

లింగ్యా చదివాడు. ఇంకోసారి చదివాడు. ఈసారైనా సీసాలు మారిపోతే బాగుండునని అనిపించింది. బల్ల మీద మారడానికి మరో సీసా లేదు. తారా అతని చొక్కా పట్టి లాగింది, ఆకలిగా ఉందని. బయట మెట్ల మీద కూర్చుని రొట్టెల మూట విప్పారు.